ముప్పై ఆరు రొట్టెల సేపు

నీలమ్మకు గడియారం చూడటం రాదు. అయ్యో పాపం అని ఎవరైనా అన్నారో, వాళ్ల పని అయిపోయినట్టే.

"గడియారం సూసేటోళ్లంత టైముకు పోతున్నరా ఏంది? ఆరింటికి మీటింగని చెప్పి ఆరున్నర దాంక నా కాడనే కూసొని రొట్టె మీద రొట్టె తినవడ్తిరి. నాకు రాకనే మంచిగైంది" అని, మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకున్న పిల్లల మొహం మీదే అంటుంది. వాళ్లు నవ్వుతారు. ఆమె నవ్వదు. నవ్వక తప్పనప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పైవరసలో పళ్లు ఎన్ని పోయాయో పరాయివాళ్లకు తెలియకూడదని ఆమె పంతం.

మాదాపూర్ మెట్రో స్తంభాల వెనక సందులో ఆమె జొన్నరొట్టెల బండి పెట్టి పదకొండేళ్లయింది. చదువు రెండో తరగతి దగ్గరే ఆగిపోయింది. సంతకం చేస్తుంది, ఎవరూ తొందర పెట్టకుండా ఉంటే. వేలిముద్ర వెయ్యమని ఇంకుడబ్బా ముందుకు తోసేవాళ్ల వంక మాత్రం ఆమె చూసే చూపు చూడాలి.

కాలాన్ని ఆమె చేతుల్తో కొలుస్తుంది. వేడినీళ్లు పోసి పిండి పిసికి, ముద్ద చేసి, పీట మీద తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్ది, తిరగేసి, పొంగించి గంపలో పడేస్తే ఒక రొట్టె. ఎండ ఉన్నా వాన పడ్డా, ఆ చేతుల వేగంలో తేడా రాదు. "జర ఆగు బిడ్డా, రెండు రొట్టెల సేపు" అంటే గిరాకీకి ఎంతసేపో తెలిసిపోతుంది. రోజూ మధ్యాహ్నం దాటాక ముందుగా ఆడపిల్లల హాస్టలుకు నలభై రొట్టెలు చేసి పంపుతుంది. ఆ తరువాతే సందులోని గిరాకీ.

ఆమె మొగుడు లింగమూర్తి బాలానగర్‌లో ఒక ఇనప కార్ఖానాలో లేతు మిషను నడిపేవాడు. ఒకరోజు మిషను ముందే కాలూ చెయ్యీ పడిపోయాయి. పక్కవాళ్లు తలా ఒక మాట చెప్పారు. ఒకరు పావురం రక్తం రుద్దమన్నారు. ఒకరు ఫలానా ఊళ్లో ఆకుపసరు పోస్తారన్నారు. ఆ ఊరికి పోయి, వరసలో కూర్చొని, పసరు పోయించుకొని వచ్చేసరికి రెండు రోజులు గడిచాయి. అప్పుడు పెద్దదవాఖానకు తీసుకుపోతే, అక్కడి డాక్టరు కాగితం మీంచి తల కూడా ఎత్తకుండా "పడిన పూటే తేవాల్సింది" అన్నాడు. లింగమూర్తి ఆ తరువాత నాలుగేళ్లు మంచంలో ఉన్నాడు. ఆ నాలుగేళ్లూ చెంచాతో అన్నం పెట్టింది, పక్క మార్చింది, మిగిలిన వేళ రొట్టెలు తట్టింది. ఒక్కనాడు కూడా ఎవరి ముందూ ఏడవలేదు. ఏడుపు మిగిలిందంతా మాటల్లోకి పోయిందని కొందరంటారు. అది నిజం కాదు. ఆమె నోరు పెళ్లికి ముందు నుంచీ అంతే.

ఆ నోటికి సరిజోడు మూడేళ్ల కింద పక్కనే దిగింది. నెల్లూరు నుంచి వచ్చిన శ్రీనివాసులు, పునుగుల బండి. పెళ్లాం లేదు, ఉమాశ్రీ అని ఒక్కతే కూతురు. ఆ పిల్ల నాలుగు సందుల అవతల ఒక కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తుంది. శ్రీనివాసులు మంచివాడే, నోరు తెరవనంతసేపు. ఇద్దరి బండ్ల మధ్య మూరెడు జాగా. ఆ మూరెడు జాగా మీద రోజుకొక యుద్ధం.

ఆ రోజు మే నెల ఎండ మెడ మీద కాలుతోంది. నీలమ్మ హాస్టలు రొట్టెలకు పిండి కలుపుతోంది. శ్రీనివాసులు శనగపిండి గిన్నె కడిగిన నీళ్లు ఎప్పటిలాగే చూసుకోకుండా విసిరాడు. నాలుగు చుక్కలు వచ్చి ఆమె పిండిలో పడ్డాయి.

"ఓ నెల్లూరోడా! కండ్లు ఇంట్ల పెట్టి వచ్చినవా?"

"నాలుగు చుక్కలు పడితే ఏమయ్యిందమ్మే? నీ రొట్టెకు కాస్త రుచన్నా వచ్చుద్ది." అతను కుడిచేతిలోని జల్లిగరిటె ఆమె మొహం మీదికి ఆడిస్తూ అందుకున్నాడు. "అవి రొట్టెలా? చెప్పుల అట్టలు! అవి తిని ఆఫీసు పిలకాయలు పళ్ల డాక్టరు కాడ లైన్లో నిలబడుకొని ఉండారు. ముందు నువ్వొకటి కొరికి చూడు. నీకు మిగిలిన ఆ నాలుగు పళ్లూ యాడ పడ్డాయో వెతుక్కుంటా కూర్చుంటావు."

ఎదురుగా టీ తాగుతున్న పిల్లలు ఫక్కుమన్నారు. నీలమ్మకు చెవులు మండాయి. పళ్ల మాట! అదీ నలుగురిలో!

"నీ నోరు వడిపోను! నీ సెయ్యి వడిపోను!" అంది.

అని, అటువైపు వీపు పెట్టి కూర్చుంది. ఈ రోజంతా ఆ మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది. మొదటి ముద్ద తీసి పీట మీద వేసి, ఆ కోపమంతా పెట్టి తట్టింది. వెనక అతను "కాసేపు నడుం వాలుస్తా" అని ఎవరితోనో అనడం వినిపించింది. తరువాత చప్పుడు లేదు.

నలభైకి నాలుగు తక్కువుండగా ఏదో వెలితి తోచింది. ఈ పాటికి పక్కన నూనె చిటపటలాడాలి. అలవాటైన చప్పుడు లేకపోతే చెవికి తెలుస్తుంది. ఒట్టు సంగతి మరిచి తిరిగింది. బండి వెనక బల్ల మీద పడుకున్న శ్రీనివాసులు లేచి కూర్చోబోతూ కుడివైపుకు ఒరిగిపోతున్నాడు. మూతి ఒక పక్కకు జారింది. ఏదో చెప్పబోయాడు. "బ... బ..." అంది నోరు.

నీలమ్మ చేతిలో పిండిముద్ద కిందపడింది.

జనం మూగారు. ఎండదెబ్బ అన్నారు, ఉల్లిగడ్డ వాసన చూపించమన్నారు. ఎవరో మజ్జిగ గ్లాసు అతని నోటికి అందించబోతే నీలమ్మ దాన్ని ఒక్క చరుపు చరిచింది. "మింగరాక గొంతుల వడి సస్తడు! దూరం జరుగుండ్రి!"

వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు. "ఎంత మాటంటివి నీలమ్మా. తగిలింది సూడు."

ఆ మాట ఆమె గుండెలో మేకులా దిగింది. కానీ అప్పుడు దాన్ని పీక్కుంటూ కూర్చునే సమయం లేదు. అతని జేబులోంచి ఫోను తీసి, ఉమాశ్రీ బొమ్మ మీద నొక్కి, "మీ నాయిన వడ్డడు బిడ్డా, రోడ్డవతల దవాఖానకు ఉరుకు" అని మాత్రం చెప్పింది. పెద్ద రోడ్డు దాటితే అవతల ఇరవై పడకల దవాఖాన ఉంది. అక్కడి నర్సులూ, ఆదర్శ్ అనే చిన్న డాక్టరూ ఆమె రొట్టెల గిరాకీయే. ఆటో ఎక్కిస్తే రోడ్డు చివరి మలుపు దాకా పోయి తిరిగి రావాలి. ఆ వేళకు కంపెనీ బస్సులూ క్యాబులూ రోడ్డంతా నిండిపోయి ఉంటాయి.

నీలమ్మ ఒకసారి పునుగుల బండి వైపు చూసింది. నూనె ఇంకా చల్లగానే ఉంది. "మూకుడు దించుండ్రి. బండి మీద పండవెట్టుండ్రి" అంది. నవ్విన పిల్లలే ముందుకు వచ్చి పట్టుకున్నారు. మెడలో కార్డులు ఊగుతుండగా నలుగురు బండిని తోశారు. ముందు నీలమ్మ, చేతిలో అట్లకాడ. రోడ్డు మధ్యలోకి దిగి, మోగుతున్న హారన్ల వైపు ఆ అట్లకాడ చూపించింది. "ఆగు! నీ మీటింగు ఎటు పోదు, మనిషి పోతడు!" పెద్ద పెద్ద కార్లు ఆగిపోయాయి. పునుగుల బండి రోడ్డు దాటింది.

దవాఖానలో ఆదర్శ్ ఒక్క చూపు చూసి స్కానింగుకు పంపాడు. స్కాను అయ్యేసరికి ఉమాశ్రీ చెప్పులు చేతిలో పట్టుకొని ఉరుక్కుంటూ వచ్చింది. మంచం పక్కకు చక్రాల స్టాండు ఒకటి తెచ్చారు. దాని మీద టీవీ, టీవీ నెత్తిన కన్నులాంటి కెమెరా. టీవీలో తెల్లకోటు వేసుకున్న ఒక ఆడమనిషి కనిపించింది. ఊరి అవతలి పెద్ద ఆసుపత్రిలో మెదడు డాక్టరట, పేరు ప్రియదర్శిని.

"టీవీల ఉన్నామె నాడి ఎట్ల వడ్తది?" అంది నీలమ్మ.

"నాడి నేను పడతా. చూసేది, చెప్పేది మేడమ్" అన్నాడు ఆదర్శ్.

కెమెరా దానంతట అదే తిరిగి శ్రీనివాసులు మొహం మీద ఆగింది. టీవీలోని డాక్టరు అతన్ని నవ్వమంది. మూతి ఒక పక్కే కదిలింది. రెండు చేతులూ ఎత్తి పదంకెలు లెక్కపెట్టేదాకా ఉంచమంది. ఎడమచెయ్యి నిలిచింది. కుడిచెయ్యి రెండు అనకముందే మంచం మీద పడిపోయింది.

"రక్తం కారలేదు, గడ్డ అడ్డుపడింది" అందామె స్కాను చూసి. "కరిగించే ఇంజక్షన్ ఉంది. పడ్డప్పటి నుంచి నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. దాటాక ఇస్తే తలలో రక్తం కారొచ్చు. నిద్రలో వచ్చిందంటున్నారు, అందుకని మామూలుగా ఉన్న ఆఖరి వేళ నుంచే లెక్క. నిద్రకు ముందు ఈయన మామూలుగా ఉండగా ఆఖరిసారి ఎవరు చూశారు, ఎప్పుడు?"

"నేనండి. పొద్దున ఎనిమిదింటికి" అంది ఉమాశ్రీ.

డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసింది. అయిదూ ఇరవై. "తొమ్మిది గంటలు దాటింది. ఇంకెవరూ చూడలేదా? లేకపోతే నేను ఇంజక్షన్ చెప్పలేనమ్మా."

నీలమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. చూసింది ఆమె. విన్నది ఆమె. చెప్పాలంటే అంతా చెప్పాలి. తన నోటి నుంచి ఆ శాపం వచ్చిందని, వచ్చిన మాట వచ్చినట్టే జరిగిందని, ఈ పిల్ల ముందు చెప్పాలి. చెప్పకపోతే? మంచంలో లింగమూర్తి గడిపిన నాలుగేళ్లు కళ్ల ముందు నిలిచాయి. నాలుగేళ్ల పాటు నీళ్లు కావాలంటే కంటితో అడిగిన మనిషి.

ముందుకు వచ్చింది.

"నేను సూసిన. నాతోని కొట్లాడిండు."

కెమెరా గిర్రున ఆమె వైపు తిరిగింది. నీలమ్మ కొంగు సర్దుకుంది.

"మాట ముద్దగా ఉందా? తడబడిందా?"

"తడబడుడా! తెల్లారేదాంక నేర్సుకున్నట్టు తిట్టిండు."

"ఏమన్నారో అన్నది అన్నట్టు చెప్పండమ్మా. సిగ్గుపడకండి, నాకు ప్రతి మాటా కావాలి."

నర్సులు ఉన్నారు, ఆదర్శ్ ఉన్నాడు, తలుపు దగ్గర బండి తోసిన నలుగురు పిల్లలున్నారు. నీలమ్మ కెమెరా కంట్లో కన్ను పెట్టి చెప్పింది. చెప్పుల అట్టల దగ్గర మొదలుపెట్టి, పళ్ల డాక్టరు దగ్గరి వరసతో సహా, తనకు మిగిలిన నాలుగు పళ్ల దాకా, నెల్లూరు యాసతో సహా ఒక్క మాట వదలకుండా చెప్పింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఎవరూ నవ్వలేదు. కుడిచేత్తో జల్లిగరిటె ఎట్లా ఆడించాడో కూడా ఆడించి చూపించింది.

"అంత పొడుగు మాట ఒక్క తప్పు లేకుండా!" అంది డాక్టరమ్మ. "అప్పుడు టైమెంత?"

"టైము నాకు రాదు. ముప్పై ఆరు రొట్టెల కింద."

టీవీలో ఆమె కనుబొమలు పైకి లేచాయి. ఆదర్శ్‌కు మాత్రం అర్థమైంది. ఆమె చేతి వేగం అతను రోజూ చూస్తున్నదే.

"కొట్లాట అయిపోంగనే మొదటి ముద్ద తీసిన. ఈయన ఒరిగింది సూసినప్పుడు గంపల ముప్పై ఆరున్నయ్. నలభైకి నాలుగు తక్కువ. నడుమ లేవలే. గిరాకీ రాలే."

ఆదర్శ్ ఫోనులో గడియారం తీశాడు. "ఒక రొట్టె చెయ్యి పెద్దమ్మా, ఇక్కడే." మందుల బల్ల ఖాళీ చేశారు. నీలమ్మ లేని పిండిని పిసికింది, లేని ముద్దను తట్టింది, లేని పెనం మీద వేసి, తడిపి, తిప్పి, పొంగే దాకా ఆగి, లేని గంపలో వేసింది. ఆసుపత్రి మొత్తం ఆ రొట్టె కాలడం చూసింది.

"రెండున్నర నిమిషాలు మేడమ్. ముప్పై ఆరంటే గంటన్నర. వీళ్లమ్మాయికి ఫోన్ వచ్చింది నాలుగూ నలభై రెండుకు. అంటే మూడూ పది."

"ఆమె చెయ్యి అందులో సగం వేగంతో నడిచినా ఒంటిగంటా నలభై" అంది డాక్టరమ్మ. గొంతులో వెలుతురు వచ్చింది. "అప్పటికీ మనకు టైముంది. బీపీ ఎంత?"

రెండు వందల పది. నూట ఎనభై అయిదు కిందికి దిగితే తప్ప ఇంజక్షన్ ఇవ్వకూడదు. ముందు దాన్ని దించే మందు ఎక్కించారు. అందరూ మిషను మీది అంకెల వైపు చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు నీలమ్మ మిగిలిన మాట కూడా చెప్పేసింది. "డాక్టరమ్మా, ఇంకొకటి. ఆయన గంత మాటన్నంక నేనొక మాటన్న. నోరు వడిపోను, సెయ్యి వడిపోను అన్న. గట్లనే అయింది." ఉమాశ్రీ వైపు చూడలేకపోయింది. "నువ్వేమన్న అను బిడ్డా. పడత."

టీవీలో డాక్టరమ్మ ముందుకు వంగింది. "ఉమాశ్రీ, నాన్నగారు బీపీ మాత్రలు వాడుతున్నారా?"

"రెండు నెలల కింద ఆపేశారండి. ఒంట్లో బాగానే ఉందిగా, ఎందుకు అన్నారు."

"విన్నారా అమ్మా? ఇది ఆ మాత్రలు ఆపెయ్యడం చేసిన పని. మీ నోటికి అంత బలముంటే మా ఆసుపత్రులు మూసుకోవాలి."

ఉమాశ్రీ వచ్చి నీలమ్మ చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, రోజూ ఇంటికి రాగానే మా నాన్న చెప్పేది మీ తిట్లే. ఇవాళ నీలమ్మ ఏమందో తెలుసా అని అన్నం తింటూ నవ్వుతారు. మీరు తిట్టని రోజు ఉప్పు లేనట్టు ఉంటుందట."

"గట్లన్నడా?" అంది నీలమ్మ. "నాకు సెప్పలే, దొంగముండాకొడుకు."

అంకె నూట డెబ్బై ఎనిమిదికి దిగింది. ఇంజక్షన్ వల్ల నూటికి కొద్దిమందికి తలలో రక్తం కారే ప్రమాదం ఉంటుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఉమాశ్రీ "ఇవ్వండి మేడమ్" అంది. కాగితం మీద సంతకం పెట్టింది. చూసిన మనిషి పేరు కూడా రాయాలని ఆదర్శ్ అంటే, నర్సు అలవాటుగా ఇంకుడబ్బా తెచ్చింది.

"తీసెయ్యి దాన్ని" అంది నీలమ్మ. కలం అందుకొని, నింపాదిగా, ఒక్కొక్క అక్షరమూ పొంగిన రొట్టెలా గుండ్రంగా రాసింది. ఎవరూ ఆమెను తొందర పెట్టలేదు. అప్పటికే సూది నరంలోకి దిగుతోంది.

ఆ తరువాతి గంట ఆమె జీవితంలో కొలవలేని గంట. చేతిలో పిండి లేదు, పెనం లేదు. మంచం కాళ్ల దగ్గర నిలబడి శ్రీనివాసులు కుడిచేతి వేళ్ల వంకే చూసింది. కూర్చోమని నర్సు రెండుసార్లు చెప్పింది. "కూసుంటే గనవడ్తదా?" అంది.

ముందు చిటికెనవేలు కదిలింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. కళ్లు మోసం చేస్తున్నాయేమో అనుకుంది. తరువాత నాలుగు వేళ్లూ దుప్పటిని పట్టుకున్నాయి. "ఏయ్ ఆదర్శ్!" అని కేకవేసింది. ఆ వార్డులో డాక్టర్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు అంతకు ముందు లేరు.

టీవీ మళ్లీ వెలిగింది. "శ్రీనివాసులుగారూ, రెండు చేతులూ ఎత్తండి" అంది డాక్టరమ్మ.

ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి మంచం మీంచి కాస్త లేచి ఆగింది. ఊగింది. మళ్లీ లేచింది. ఎడమచేతి పక్కకు వచ్చి, దానితో సమానంగా గాలిలో నిలబడింది.

"పది లెక్కపెట్టండి ఎవరైనా."

"ఒకటి" అంది నీలమ్మ అందరికన్నా ముందు. "రెండు. మూడు." ఆమె గొంతు వార్డు దాటి వరండాలోకి పోయింది. పక్క మంచాలవాళ్లు తలలెత్తారు. "ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది."

"చాలమ్మా, పది చాలు" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

"మీకు సాలు డాక్టరమ్మా, నాకు సాలదు. పదకొండు. పన్నెండు."

చెయ్యి దిగలేదు. ఉమాశ్రీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని ఏడుస్తోంది, నవ్వుతోంది. పదిహేడు దగ్గర శ్రీనివాసులు మూతి కదిపాడు. మాట కొంచెం ముద్దగా, కొంచెం వంకరగా, కానీ మాటగానే బయటికి వచ్చింది.

"ఏందమ్మే... చెయ్యి గుంజతా ఉండాది. దించేదా?"

"దించినవంటే సూడు!" అంది నీలమ్మ. "పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై."